చేతులెలా ఆడాయి? స్వీనీ టాడ్ మీద జాలి పడవచ్చా

నెల్లూరు మూలాపేటలో ఒక మేడమీది గదిలో మేం ఆరుగురం నెలకొకసారి కూర్చుని నాటకాలు చదువుకుంటాం. సంఘం అనుకునేంత పెద్దది కాదు. పేరు లేదు, చందా లేదు, టీ ఖర్చు వంతులవారీ. ఒకాయన రిటైరైన వకీలు. ఒకావిడ డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పి విరమించుకున్నారు. ఇంకొకాయన కందుకూరు, సింగరాయకొండ పల్లెల్లో పద్యనాటకాలకు ముప్పై ఏళ్లు హార్మోనియం వాయించినవారు. ఆయనను అందరం మాస్టారూ అనే పిలుస్తాం. మొన్నటి వంతు లెక్చరరుగారిది. ఆవిడ స్వీనీ టాడ్ అనే ఇంగ్లీషు నాటకాన్ని ఎంచుకున్నారు. అది సంగీత నాటకం కాబట్టి రికార్డింగ్ వినిపిస్తూ, ఆపుతూ, తెలుగులో చెబుతూ వచ్చారు. తొమ్మిదింటికి ముగియవలసినది పదకొండు దాటింది. అందులో రెండు గంటలు తగవే.

"పదిహేనేళ్లు చేయని నేరానికి శిక్ష అనుభవించాడండీ. భార్య పోయింది, బిడ్డ పోయింది. వాడి మీద జాలి పడకపోతే ఇంకెవరి మీద పడతాం?" అన్నారు వకీలుగారు.

"వాడి కుర్చీలో కూర్చున్నవాళ్ల మీద," అన్నారు లెక్చరరుగారు.

అక్కడ మొదలైంది. ఇంటికి వచ్చాక కూడా నాకు ఆ తగవు వదలలేదు. అందరం జాలి అనే మాటే వాడాం గానీ ఒక్కొక్కరం ఒక్కొక్క అర్థంతో వాడామని ఆలస్యంగా తట్టింది. ఆ చిక్కు విప్పుదామని ఈ వ్యాసం.

ముందు కథ. లండన్‌లోని ఫ్లీట్ స్ట్రీట్‌లో బెంజమిన్ బార్కర్ అనే క్షురకుడు ఉండేవాడు. అతని భార్య లూసీ అందగత్తె, ఒళ్లో పసిబిడ్డ జొహానా. టర్పిన్ అనే జడ్జి కన్ను లూసీ మీద పడింది. దొంగ కేసు బనాయించి బార్కర్‌ను యావజ్జీవం సముద్రాల అవతలికి పంపించేశాడు. పదిహేనేళ్ల తరువాత అతను తప్పించుకుని, స్వీనీ టాడ్ అనే కొత్త పేరుతో తిరిగి వస్తాడు. అతని పాత గది కింద మిసెస్ లవెట్ అనే ఆవిడకు పై దుకాణం ఉంది. పై అంటే మన కజ్జికాయకు దూరపు చుట్టం అనుకోండి, లోపల పూర్ణం బదులు మాంసం. జడ్జి లూసీని తన ఇంట్లో విందుకు రప్పించి అందరి ఎదుటే చెరిచాడని, ఆమె విషం తాగిందని, బిడ్డను జడ్జే పెంచుతున్నాడని ఆవిడ చెబుతుంది. లూసీ ఆ విషంతో చనిపోలేదని మాత్రం చెప్పదు. అతని పాత వెండి కత్తులను దాచిపెట్టి, తిరిగి చేతికిస్తుంది.

ఇక్కడి దాకా విన్నవాళ్లెవరికీ అనుమానం ఉండదు. బ్రిటన్ 1788 నుంచి 1868 వరకు ఇంచుమించు 1,62,000 మంది ఖైదీలను ఆస్ట్రేలియాకు తరలించింది. చిన్నాచితకా దొంగతనాలకే అక్కడికి పంపించిన రోజులు అవి. ఈ శిక్షకు మన భాషలో సిద్ధంగా ఒక మాట ఉంది, ద్వీపాంతరవాసం. అండమాన్ గుర్తుకు తెచ్చే మాట. దానిని విన్నప్పుడు మన మనసు న్యాయమూర్తి వైపు కాక ఖైదీ వైపు మొగ్గుతుంది. వకీలుగారికి కళ్లు చెమర్చింది అక్కడే.

తరువాతి కథ వేరు. పిరెల్లీ అనే పోటీ క్షురకుడు అతన్ని గుర్తుపట్టి, లాభంలో సగం ఇవ్వకపోతే బయటపెడతానంటాడు. టాడ్ అతన్ని చంపుతాడు. ఆ తరువాత జడ్జి గడ్డం గీయించుకోవడానికి వచ్చి, టాడ్ కత్తి కిందే మెడ పెట్టి కూర్చుంటాడు. టాడ్ తొందరపడడు, పదిహేనేళ్లుగా ఎదురుచూసిన క్షణాన్ని సాగదీసి అనుభవిస్తాడు. ఇంతలో ఒక నావికుడు తలుపు తోసుకు రావడంతో జడ్జి లేచి వెళ్లిపోతాడు. టాడ్ మతి అక్కడ విరుగుతుంది. చావదగినవాడు జడ్జి ఒక్కడే కాదు, మనుషులందరూ చావదగినవాళ్లేనని తీర్మానిస్తాడు. శవాలను ఏం చేయాలో మిసెస్ లవెట్ చెబుతుంది. ఆమె దుకాణంలో మాంసానికి కొరత ఉంది కదా.

ఇప్పుడు పేచీ. ఈ కథలో టాడ్ మీద జాలి పుట్టే భాగమంతా ఆలస్యంగా వచ్చి చేరినది. 1846 నవంబరులో లండన్‌లో ఎడ్వర్డ్ లాయిడ్ నడిపిన వారపత్రికలో సీరియల్‌గా మొదలైనప్పుడు స్వీనీ టాడ్ పచ్చి దొంగ. కుర్చీ తిరగబడి గడ్డం గీయించుకునేవాడు నేలమాళిగలో పడతాడు, ఒంటి మీద ముత్యాలుంటే టాడ్ తీసుకుంటాడు. అంతే. లూసీ లేదు, జడ్జి లేడు, ద్వీపాంతరం లేదు. సీరియల్ ఇంకా ముగియకుండానే 1847 మార్చి 1న లండన్ హాక్స్‌టన్‌లోని బ్రిటానియా అనే నాటకశాలలో జార్జ్ డిబ్డిన్ పిట్ దాన్ని నాటకంగా ఆడించాడు. జనం ఈలలు వేసి అసహ్యించుకోవడానికే వెళ్లారు. 1970 దశకం మొదట్లో క్రిస్టొఫర్ బాండ్ అనే రచయిత ఆ పాత నాటకాన్ని తిరగరాస్తూ, ఈ క్షురకుడికి ఒక గతాన్ని, ఒక గాయాన్ని కల్పించాడు. 1973లో లండన్‌లో ఆ ప్రదర్శన చూసిన స్టీఫెన్ సాండైమ్ అనే అమెరికన్ స్వరకర్త దాన్ని సంగీత నాటకం చేయడం, 1979 మార్చి 1న అది న్యూయార్క్ బ్రాడ్వేలో మొదలవడం ఆ తరువాతి సంగతులు. కుర్చీ అదే, కత్తి అదే, తెగిన గొంతులు అవే. ముందు చెప్పిన పది నిమిషాల కథ మారింది. హంతకుడు కథానాయకుడయ్యాడు.

అసలు అలాంటి మనిషి లండన్‌లో ఉన్నాడని నమ్మేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కోర్టు రికార్డుల్లో ఆధారమేమీ లేదు. ఉండి ఉంటే బాగుండునని మనుషులు అనుకోవడం నాకు కాస్త విడ్డూరంగా తోస్తుంది.

మాటల సంగతికి వద్దాం. తెలుగులో జాలి, సానుభూతి, సమర్థన, క్షమ అనేవి నాలుగు వేరు వేరు గదులు. నాటకం చూస్తున్నప్పుడు వాటి మధ్య తలుపులన్నీ తెరిచే ఉంటాయి కాబట్టి ఏ గదిలో ఉన్నామో మనకు తెలియదు. ఒకడు పడిన బాధ చూసి గుండె కలుక్కుమంటే అది జాలి. దానికి అతను మంచివాడు కానక్కర్లేదు, బావిలో పడ్డ పిల్లి మీద కూడా జాలి పడతాం. అతని చోట నిలబడి అతని కళ్లతో లోకాన్ని చూడగలిగితే సానుభూతి. అతను చేసినది సరైనదే అంటే సమర్థన. చేసినది తప్పే, అయినా వదిలేద్దాం అంటే క్షమ. వకీలుగారు మొదటి గదిలో మొదలుపెట్టి, మాట మీద మాట పెరిగేసరికి మూడో గదిలో తేలారు. లెక్చరరుగారు మూడో గదికి తాళం వేయబోయి మొదటిదానికి కూడా వేసేశారు.

అరిస్టాటిల్ రెండు షరతులు పెట్టాడు. అర్హం కాని కష్టం వచ్చినవాడి మీద జాలి కలుగుతుంది, మనలాంటివాడికి వస్తే భయం కలుగుతుంది. అందుకే విషాద నాటకానికి మహా పుణ్యాత్ముడూ పనికిరాడు, పరమ దుర్మార్గుడూ పనికిరాడు, మధ్యస్థంగా ఉండి ఒక పొరపాటు వల్ల పడిపోయేవాడు కావాలన్నాడు. ఈ తూకంలో బార్కర్ నిలుస్తాడు. టాడ్ నిలవడు, ఎందుకంటే రెండో అంకంలో అతని కష్టం చాలా వరకు అతను చేసుకున్నదే. నాట్యశాస్త్రం రాసిన మన భరతుడి లెక్క ఇంకొంచెం సూక్ష్మం. కరుణ రసం అనగానే జాలి అనుకుంటాం గానీ, దాని స్థాయీభావం, అంటే ఆ రసానికి అడుగున నిలిచే భావం, శోకం. భయానకానికి భయం, బీభత్సానికి జుగుప్స. శోకం కలగడానికి మనిషి యోగ్యతతో పని లేదు. పోగొట్టుకున్నది ఉంటే చాలు. అంటే టాడ్‌ను చూసి శోకించవచ్చు, అదే క్షణంలో జుగుప్స పడవచ్చు. ఈ రెండూ ఒకదాన్నొకటి చెరిపేయవు.

మన నాటకానికి ఇలాంటి సరుకు కొత్తేమీ కాదు. భవభూతి మాలతీమాధవంలో అయిదో అంకం శ్మశానంలో జరుగుతుంది. ప్రియురాలి కోసం తెగించిన మాధవుడు పిశాచాలకు నరమాంసం అమ్మడానికి అక్కడికి వెళతాడు. చాముండి గుడిలో కాపాలికుడు ఆమెను బలి ఇవ్వబోతుంటాడు. గోథిక్ అనే పేరుతో ఇంగ్లీషువాళ్లు చీకటీ భయమూ నిండిన నవలలు మొదలుపెట్టింది 1764లో హొరేస్ వాల్పోల్‌తో. భవభూతి ఎనిమిదో శతాబ్దంవాడు. అయితే గోథిక్ ప్రత్యేకత శ్మశానంలో లేదు. ఎప్పుడో చేసిన పాపం పూడ్చినచోట ఉండకుండా లేచి రావడంలో ఉంది. పాత బాకీ వసూలుకు వస్తుంది. స్వీనీ టాడ్‌లో దయ్యం లేదు గానీ, చచ్చిపోయాడనుకున్న బార్కర్ వేరే పేరుతో తిరిగి రావడమే దయ్యం రావడం. అందువల్లనే గోథిక్ కథానాయకుడు ఎప్పుడూ రెండు పాత్రలు మోస్తాడు. అన్యాయం జరిగినవాడూ అతనే, అన్యాయం చేసేవాడూ అతనే. ఒక్క కంటితో చూస్తే సగం మనిషే కనబడతాడు.

మనల్ని ఈ నాటకం ఇరికించే చోటు మొదటి అంకం చివర ఉంది. ఎవరెవరి మాంసంతో ఏ రుచి వస్తుందో టాడ్, మిసెస్ లవెట్ కలిసి హాస్యంగా పాడుకుంటారు. పూజారి, కవి, వకీలు, ఒక్కొక్కరి వృత్తి మీద ఒక్కొక్క చమత్కారం. లెక్చరరుగారు తెలుగులో చెబుతుంటే మేం ఆరుగురం పకపకా నవ్వాం. వకీలు వంతు వచ్చినప్పుడు వకీలుగారు అందరికన్నా గట్టిగా నవ్వారు. హాస్యం, కరుణ పొసగవని మన ఆలంకారికులు అన్నారు. నవ్వితే కరుణ చెదిరిపోతుంది. సాండైమ్‌కు కావలసింది అదే అనిపిస్తుంది. ఆ పాట ముగిసేసరికి చనిపోబోయేవాళ్లు మనకు మనుషులుగా మిగలరు, వంటకాలుగా మారిపోతారు. టాడ్ మనసులో జరిగినది మన మనసులో కూడా జరిగిపోతుంది. విరామంలో టీ తాగుతూ ఎవరమూ దాని గురించి మాట్లాడుకోలేదు. ఆ పాటలో మిసెస్ లవెట్ పేటలో ఆడవాళ్లు మాట్లాడుకునే భాష మాట్లాడుతుంది, జడ్జి మాట గంజి పెట్టిన చొక్కాలా ఉంటుంది. పాత్రకు తగిన భాష ఉండాలని నూరేళ్ల కిందట వాదించి, ప్రతాపరుద్రీయంలో చాకలి పేరిగాడి చేత అతని మాటే మాట్లాడించిన వేదం వేంకటరాయ శాస్త్రి నాటక సమాజం నడిపినది ఈ నెల్లూరులోనే. భాష మనవాళ్లదిలా వినబడితే మనిషి కూడా మనవాడేననిపిస్తుంది. లవెట్ మీద మనకు కోపం రాకపోవడానికి సగం కారణం అదే.

మతి విరిగినవాడిని ఎలా తప్పుపడతామని వకీలుగారు పట్టుబట్టారు. ఆ మాటకు చట్టంలో ఒక కొలత ఉంది, చెప్పింది కూడా ఆయనే. 1843లో డేనియల్ మెక్‌నాటన్ అనే అతను ప్రధాని రాబర్ట్ పీల్ కార్యదర్శిని కాల్చి చంపాడు. మతిభ్రమణం కారణంగా అతన్ని విడిచిపెట్టడంతో గగ్గోలు పుట్టింది, న్యాయమూర్తులు సూత్రాలు రాశారు. చేస్తున్నది ఏమిటో తెలియకపోయినా, అది తప్పని తెలియకపోయినా శిక్ష లేదు. ఆ సూత్రమే 1860 భారత శిక్షా స్మృతిలో 84వ సెక్షన్ అయింది, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 22వది. సీరియల్‌కు మూడేళ్ల ముందు లండన్ అంతా ఈ చర్చే. మరి టాడ్‌ను ఆ కొలతతో కొలిస్తే? రెండో అంకంలో ఒక పాట ఉంది. అతను కూతురిని తలుచుకుని మెల్లగా, ఎంతో ప్రేమగా పాడుతూ, ఆ పాట ఆగకుండానే ఒకరి తరువాత ఒకరి గొంతులు కోస్తుంటాడు. మధ్యలో ఒకడు భార్యాబిడ్డలతో వస్తాడు. అతనికి మాత్రం మామూలుగా గడ్డం గీసి పంపించేస్తాడు.

ఈ సంగతి విని వకీలుగారు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత ఆయనే అన్నారు, "అయితే వాడికి తెలుసు." తెలుసు కాబట్టే ఎంచుకున్నాడు. బయట ఎదురుచూసేవాళ్లున్నవాడు రేపు వెతికించబడతాడు, ఎవరూ లేనివాడిని ఎవరూ వెతకరు. కాదు, బిడ్డను చూసి చేయి ఆగిందనీ అనవచ్చు. ఏది అనుకున్నా టాడ్‌కు అది కష్టమే. మొదటిదైతే లెక్క తెలిసినవాడు. రెండోదైతే ఆపుకోగలిగినవాడు. తీవ్రంగా, అకస్మాత్తుగా రెచ్చగొడితే హత్య తీవ్రత తగ్గుతుందన్న మినహాయింపు కూడా చట్టంలో ఉంది. రెచ్చగొట్టినవాడిని చంపితేనే, లేదా పొరపాటున మరొకరు చనిపోతేనే అది వర్తిస్తుంది. జడ్జి రెచ్చగొట్టాడు, అదీ పదిహేనేళ్ల కిందట. చనిపోయింది దారిన పోయేవాళ్లు.

నాకైతే ఈ నాటకం వింటున్నంతసేపూ వేరే రాత్రి గుర్తుకు వస్తూ ఉంది. ఆ రాత్రిని తెలుగులో రాసినది కూడా ఈ ఊరివాడే. మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన సోమయాజి విరాటపర్వం మొదలుకొని పదిహేను పర్వాలు తెలుగు చేశాడు, అందులో సౌప్తికపర్వం ఒకటి. యుద్ధం ముగిసింది. తొడలు విరిగిన దుర్యోధనుడు పడి ఉన్నాడు. అబద్ధంతో తండ్రిని చంపించారన్న మంట అశ్వత్థామలో రగులుతోంది. ఆ మంట అన్యాయమైనది అనలేం. ద్రోణుడి చేత ఆయుధం వదిలించడానికి ధర్మరాజు నోట ఆ మాట పలికించారు కదా. రాత్రి మర్రిచెట్టు కింద నిద్రపట్టక పడుకున్నవాడికి, గుడ్లగూబ వచ్చి నిద్రపోతున్న కాకులను చంపడం కనిపిస్తుంది. దారి దొరికిందనుకుంటాడు. మేనమామ కృపాచార్యుడు వద్దని చెప్పినా వినడు. పాండవ శిబిరంలోకి దూరి, తండ్రి తల నరికిన ధృష్టద్యుమ్నుడిని ఆయుధంతో చావనీయకుండా కాళ్లతో తన్ని చంపుతాడు. తరువాత ద్రౌపది కొడుకులను, ఇంకా ఎందరినో.

గుడ్లగూబ, చీకటి, నిద్రలో ఉన్న డేరాలు, నెత్తురు. గోథిక్‌కు ఇంతకన్నా ఏం కావాలి? ధృష్టద్యుమ్నుడి వరకు మనం అశ్వత్థామను అర్థం చేసుకుంటాం. ఆ తరువాత డేరా డేరాకూ అర్థం చేసుకోవడం కష్టమవుతుంది. టాడ్ కూడా అంతే. పిరెల్లీ బెదిరించాడు, అర్థమవుతుంది. జడ్జి మీద పగ, అర్థమవుతుంది. ఆ ఇద్దరి తరువాత కుర్చీలో కూర్చున్నవాడు అతనికి ఏం చేశాడు?

ఈ ప్రశ్న పోతన భాగవతంలో ద్రౌపది అశ్వత్థామను అడుగుతుంది. అర్జునుడు అతన్ని కట్టి తెచ్చి ఆమె ముందు నిలబెడతాడు. వాళ్లు నీ మీదికి ఆవేశంతో రాలేదు, చేతిలో ఆయుధం లేదు, నీకు ఏ ద్రోహమూ చేయలేదు, నిద్రపోతున్న పిల్లలు, చీకట్లో వాళ్లను చంపడానికి నీ చేతులెలా ఆడాయి? అంటుంది. పద్యం చిన్నప్పుడు బడిలో వల్లెవేసినవాళ్లకు చివరి పాదం ఇప్పటికీ నోట్లో ఆడుతూనే ఉంటుంది. అక్కడ ఆమె అడిగింది ఎందుకు అని కాదు. ఎందుకో ఆమెకు తెలుసు. ఎలా అని అడిగింది. పగకు కారణం ఉన్నంత మాత్రాన చేయి కదలడానికి అనుమతి వచ్చినట్టు కాదని ఆ ప్రశ్నలోనే ఉంది.

నిద్రపోయేవాడు, గడ్డం గీయించుకునేవాడు ఒక్క విషయంలో సమానం. ఇద్దరూ మెడను లోకానికి అప్పగించేశారు. ట్రంకు రోడ్డు పక్క సందులో నేను వెళ్లే సెలూన్‌లో కళ్లు మూసుకుని తల వెనక్కి వాల్చినప్పుడు, బ్లేడు కంఠం మీదుగా పైకి వెళుతుంటే, నాకు ఎప్పుడూ భయం వేయలేదు. పనయ్యాక పటిక రాసేటప్పుడు చుర్రుమనడం ఒక్కటే అక్కడి కష్టం. ఆ ధైర్యం నాది కాదు, తరాలుగా ఆ వృత్తి సంపాదించి పెట్టిన నమ్మకం. టాడ్ దోచుకున్నది దాన్ని. తనకు జడ్జి చేసినదీ అదే. న్యాయస్థానం ముందు నిలబడినవాడు కూడా మెడ అప్పగించినవాడే. తనను బలి చేసిన పద్ధతినే అతను వృత్తిగా పెట్టుకున్నాడు. నేను అతని నుంచి విడిపోయింది ఇక్కడ.

అయితే ద్రౌపది ఆ ప్రశ్న అడిగాక ఏం చేసిందో కూడా చూడాలి. వదిలేయమంది. నాలా ఇతని తల్లి కృపి ఏడవకూడదు అంది. అర్జునుడు అతని తలవెంట్రుకలు కోసి, పుట్టుకతో వచ్చిన మణిని తీసుకుని వెళ్లగొట్టాడు. ద్రౌపది అతని మీద జాలి పడిందా? నాకు అలా కనబడదు. ఆమె జాలి పడింది కృపి మీద. అశ్వత్థామకు దక్కింది తల్లి వాటాలోంచి రాలిన పొడి. మరి అతనికి విడిగా ఏమీ రాలేదా అంటే, మహాభారతంలో కృష్ణుడి శాపం ఉంది. మూడు వేల ఏళ్లు చీమూ నెత్తురూ ఓడుతూ, పలకరించే దిక్కు లేక తిరగమన్నాడు. దీర్ఘాయువును ఇంత క్రూరమైన శిక్షగా ఇంగ్లీషు గోథిక్ రచయితలెవరైనా ఊహించారా అని నాకు సందేహమే.

మాస్టారు ఇంతసేపూ ఏమీ మాట్లాడలేదు. రికార్డింగ్ మళ్లీ ఒకచోట పెట్టమని అడిగారు. నాటకమంతా ఒక పిచ్చి బిచ్చగత్తె వీధుల్లో తిరుగుతూ ఉంటుంది. ఒకసారి టాడ్‌ను చూసి, నిన్ను ఎక్కడో చూశానయ్యా అంటుంది. అతను కసురుకుంటాడు. ఆమె పాడే వరసనూ, జడ్జి ఇంటి విందు సన్నివేశంలో వెనక వినిపించే నాట్య సంగీతాన్నీ పక్కపక్కన పెట్టి వినమన్నారు మాస్టారు. రెండూ ఒకటే వరస, కాలం మారింది. లెక్చరరుగారు తల ఊపారు. రచయిత కావాలనే పెట్టిన గుర్తు అది. ఆమె లూసీ. సంగీతానికి మొదటి నుంచీ తెలుసు, టాడ్‌కు తెలియదు. చివరికి ఆమె అతని గదిలోకి వస్తుంది. మెట్ల మీద జడ్జి అడుగుల చప్పుడు. అడ్డు తొలగించుకోవడానికి టాడ్ ఆమె గొంతు కోస్తాడు. జడ్జిని కూడా చంపాక, పొయ్యి వెలుగులో ఆమె ముఖం చూస్తాడు.

"మన కాటి సీనుకు ఇది తిరగేసిన అద్దం," అన్నారు మాస్టారు.

ఆ మాట నిజం. పల్లెల్లో తిరునాళ్లకు హరిశ్చంద్ర ఆడితే తెల్లవారుజాముకు గానీ కాటి సీను రాదు. అప్పటికి పిల్లలు చాపల మీద నిద్రపోయి ఉంటారు, పెద్దవాళ్లు మాత్రం కదలరు. చంద్రమతి కొడుకు శవంతో వస్తుంది. కాటి సుంకం ఇవ్వమంటాడు కాపరి. ఏమీ లేదంటే మెడలో మంగళసూత్రం ఉంది కదా అంటాడు. ఆ సూత్రం భర్తకు తప్ప ఇంకెవరికీ కనబడదు. ఆ ఒక్క మాటతో ఇద్దరూ ఒకరినొకరు గుర్తుపడతారు. తరువాత ఆమె మీద హత్యానేరం పడి, ఆమె తల నరకవలసిన పని అతనికే వస్తుంది. గుర్తుపట్టాక కూడా కత్తి ఎత్తుతాడు. చూసేవాళ్ల గుండె ఆగిపోయేది అందుకే. హరిశ్చంద్రుడికి ఎవరిని నరకబోతున్నాడో తెలుసు, తెలిసి కుమిలిపోతాడు. టాడ్‌కు తెలియదు. తెలియకపోవడం అతనికి సాకు అని వకీలుగారు ఆఖరి ప్రయత్నం చేశారు. మాస్టారు హార్మోనియం బెల్లోస్ మీద వేళ్లు ఆడిస్తూ, "ఎదురుపడింది కదండీ, పలకరించింది కూడా. వాడు చూడలేదు," అన్నారు.

ఇంతకీ నా లెక్క ఏమిటంటే, బార్కర్ మీద జాలి పూర్తిగా పడతాను, దానిలో కోత లేదు. టాడ్‌తో సానుభూతి జడ్జి కుర్చీలోంచి లేచి వెళ్లిపోయే క్షణం దాకా ఉంటుంది. ఆ తరువాత సానుభూతి పోతుంది గానీ జాలి పోదు, శోకంగా మారుతుంది. సమర్థన ఎక్కడా లేదు. క్షమించే హక్కు నాకు లేదు, ద్రౌపదికి ఉంది, ఎందుకంటే ఆమె బిడ్డలు పోయారు. నాటకశాలలో కూర్చుని మనం మంజూరు చేసే క్షమకు ఖర్చేమీ ఉండదు. మంచి నటుడు ఈ మెట్లన్నీ ప్రేక్షకుడి చేత దిగేలా చేయాలి. మొదటి నుంచీ రాక్షసుడిలా కళ్లెర్రచేసి ఆడితే 1847కు తిరిగి వెళ్లినట్టే. చివరిదాకా గాయపడ్డ భర్తగానే ఆడితే కుర్చీలోని మనుషులు బొమ్మలైపోతారు. కూతురి పాటలో గొంతులోని మెత్తదనం తగ్గకూడదు, చేతిలోని వేగమూ తగ్గకూడదు. చేతులెలా ఆడాయో చూపించగలిగేది ఆ ఒక్కచోటే.

కథ ముగింపు ఇంకా చెప్పలేదు. లూసీ బతికే ఉందని ముందే తెలిసీ దాచిన మిసెస్ లవెట్‌ను టాడ్ కొలిమిలోకి తోసేస్తాడు. భార్య శవాన్ని ఒళ్లో పెట్టుకుని నేల మీద కూర్చుంటాడు. టోబియాస్ అనే పనిపిల్లవాడు చీకట్లోంచి వచ్చి, కింద పడి ఉన్న కత్తి తీసి అతని గొంతు కోస్తాడు. లవెట్‌ను అమ్మలా చూసుకున్నవాడు, ఆమెకు ఎవరి వల్లా హాని జరగనివ్వనని పాట పాడినవాడు. నేలమాళిగలో తాళం వేసి ఉంచితే, పైలో మనిషి వెంట్రుక, గోరు చూసినవాడు. ఒక్క రాత్రిలో జుట్టు తెల్లబడి, మతి పోయి, ఖాళీ యంత్రాన్ని తిప్పుతూ ఉండిపోతాడు.

పదకొండు దాటాక కిందికి దిగి చెప్పులు వేసుకుంటుంటే లెక్చరరుగారు అన్నారు, రెండు గంటలు కొట్టుకున్నాం గానీ ఆ పిల్లవాడి పేరు ఎవరమూ ఎత్తలేదు అని. వకీలుగారు స్కూటర్ తాళం కోసం జేబులు వెతుక్కుంటూ ఆగిపోయారు. "వాడికి ఎన్నేళ్లుంటాయండీ?" అని అడిగారు.